ఓడ మీదికి వెళ్ళే మందుల పొట్లం

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మనింట్లో ఎవరైనా దూరప్రయాణం పెట్టుకున్నారంటే మనం చేసే పనులు మూడు వుంటాయి. తినడానికి ఏదో ఒకటి చేసి డబ్బాకెత్తడం ఒకటి. ఆవకాయో, గోంగూర పచ్చడో సీసాలో పెట్టి నూనె కారకుండా మూతకు గుడ్డ కట్టడం రెండు. ఇక గుమ్మం దాటబోయే ముందు "ఎందుకైనా మంచిది, దగ్గర వుంచుకో" అంటూ నాలుగు రకాల బిళ్ళలు పొట్లం కట్టి చేతిలో పెట్టడం మూడు. మొదటి రెండింటికీ మన దగ్గర కొలతలున్నాయి. ఉప్పెంత, కారమెంత, ఎన్నాళ్ళు నిలవుంటుంది అని లెక్క చూసుకుంటాం. మూడోదానికి మాత్రం కొలతా లేదు, లెక్కా లేదు. ఈ వేళ నేను చెప్పబోయేది ఆ మూడో పని గురించే. అందులోనూ, ఆ పొట్లం సముద్రం మీదికి వెళ్ళినప్పుడు ఏమవుతుందో ఆ సంగతి గురించి.

సముద్రం గొడవ మనకెందుకని అనుకోకండి. చల్లపల్లి నుంచి ఒక పక్కకు వెళితే బందరు, మరో పక్కకు వెళితే అవనిగడ్డ, నాగాయలంక, ఆపైన కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి. బందరులో ఇంగ్లీషువాళ్ళు 1611లోనే వర్తకపు కొఠీ పెట్టుకున్నారు. గిలకలదిండి నుంచీ, పాలకాయతిప్ప నుంచీ ఈనాటికీ బోట్లు వేటకు పోతూనే వున్నాయి. అంతేకాదు, విజయవాడ వీధుల్లో, అపార్టుమెంటుల్లో మీ పక్కింటి కుర్రవాడో, మీ చెల్లెలి అల్లుడో మర్చంటు నేవీలో వుండే వుంటాడు. ఆరు నెలలు నీటి మీద, మూడు నెలలు ఇంటి దగ్గర. వాళ్ళ పెట్టెలు సర్దేది మనమే.

మా అక్క కొడుకు అలాంటివాడే. సరుకుల ఓడ ఇంజను రూములో పని. క్రిందటిసారి వాడు బయలుదేరినప్పుడు అక్కకు కంటి ఆపరేషను అయి వుంది. అందుచేత పెట్టె సర్దే పని నా మీద పడింది. జలుబు బిళ్ళలు, జ్వరం బిళ్ళలు, ఒళ్ళు నొప్పుల బిళ్ళలు తెప్పించాను. అట్టలకు అట్టలు ఎందుకు, బరువని, కత్తెరతో తలా కాసిని కత్తిరించాను. కత్తిరించిన ముక్కలు కూడా చోటు పడుతున్నాయని బిళ్ళలన్నీ వొలిచి, ఖాళీ బలం పొడి సీసాలో పోశాను. "తెల్ల గుండ్రటిది జ్వరానికి, తెల్ల పొడుగుది నొప్పులకు, పచ్చది జలుబుకు" అని నోటితో చెప్పాను. వాడు తలూపాడు. ఎంతో బాధ్యతగా చేశాననే అనుకున్నాను.

నెలన్నర తర్వాత ఒక రాత్రి రెండు గంటలకు ఫోను మోగింది. "పిన్నీ, నువ్విచ్చిన తెల్ల బిళ్ళల పేర్లేమిటి?" అన్నాడు. గొంతు నీరసంగా వుంది. జలుబు, జ్వరం, ఒళ్ళు నొప్పులు మూడూ కలిసి వచ్చాయట. మూడు బాధలకు మూడు రకాలు గదా అని, పూటకు మూడు చొప్పున, రోజుకు మూడు పూటలా రెండు రోజులు వేసుకున్నాడట. వాంతులు, పొట్టలో నొప్పి, కళ్ళు తెరవలేనంత మత్తు. ఓడ ఆఫీసరుగారు ఒడ్డునున్న డాక్టరుతో ఫోనులో మాట్లాడుతుంటే ఆయన వేసిన మొదటి ప్రశ్న, "ఏం మందు వేసుకున్నాడు?" అని. దానికి జవాబు చెప్పగలిగినవాళ్ళు ఆ ఓడలో లేరు. చల్లపల్లిలో మంచం మీద కూర్చున్న నాకూ తెలియదు.

దీపం వేసి సొరుగంతా కిందా మీదా చేశాను. కత్తిరించగా మిగిలిన అట్టలు దొరికాయి. ఒక అట్ట మీద పేరు సగమే వుంది. మిగతా సగం నేను చింపి చెత్తబుట్టలో వేసిన ముక్కతో పోయింది. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. అవతల ఎవరో రాసుకుంటున్నారు. ఆ పావుగంట నేను పడ్డ బాధ పగవాళ్ళకు కూడా వద్దు.

దేవుడి దయవల్ల వాడు కోలుకున్నాడు. ఆ బిళ్ళలన్నీ ఆపించి, రాత్రంతా కనిపెట్టి వుండి, తర్వాతి రేవులో రక్తపరీక్ష చేయించారు. లివరుకు దెబ్బ తగల్లేదన్నారు. కాని నాకు మనసు కుదుటపడలేదు. మా డాక్టరుగారినీ, మందుల కొట్టు అబ్బాయినీ అడిగి అసలేం జరిగిందో తెలుసుకున్నాను. మన వంటింటి లెక్కలాంటిదే, వినండి.

జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ బిళ్ళలో 650 మిల్లీగ్రాముల మందు వుంది. జలుబు బిళ్ళలో మత్తునిచ్చే మందుతోపాటు మళ్ళీ పారాసిటమాల్ 500 వుంది. నొప్పుల బిళ్ళలో ఇంకో మందుతో కలిపి పారాసిటమాల్ 325 వుంది. మూడూ కూడితే పూటకు 1475. మూడు పూటలకు 4425 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా వున్న పెద్దమనిషి ఒక రోజులో 4000 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 500 బిళ్ళలయితే ఎనిమిది, 650 బిళ్ళలయితే ఆరు. అదీ పూటకూ పూటకూ కనీసం నాలుగు గంటలు ఎడమిచ్చి. మద్యం అలవాటున్నవాళ్ళకూ, లివరు జబ్బున్నవాళ్ళకూ అంత కూడా పనికిరాదు. మా వాడు మూడు మందులు వేసుకుంటున్నానని అనుకున్నాడు. నిజానికి ఒకే మందును మూడు పేర్లతో వేసుకున్నాడు. అట్ట వుంటే చదువుకునేవాడే. అట్టలు నేను ఉంచలేదు గదా.

ఒడ్డున వున్న మనకు ఇలాంటిది జరిగితే ఆటో ఎక్కి ఆస్పత్రికి పోతాం. ఓడ సంగతి వేరు. మాలాంటివాళ్ళం ఓడంటే అందులో ఒక డాక్టరు వుంటాడనే అనుకుంటాం. వుండడు. అంతర్జాతీయ నౌకా కార్మికుల ఒడంబడిక ఒకటుంది. 2006లో చేసుకున్న ఆ ఒప్పందాన్ని మన దేశం 2015 అక్టోబరు 9న ఆమోదించింది. దాని ప్రకారం నూరుగురు లేక అంతకు మించి మనుషులతో, మూడు రోజులకు పైబడిన విదేశీ ప్రయాణం చేసే ఓడలోనే డాక్టరు తప్పనిసరి. సరుకుల ఓడలో ఇరవై పాతికమంది వుంటారు. అక్కడ మందుల పెట్టె, వైద్య పుస్తకం వుంటాయి. వాటిని చూసుకోవడానికి కొంత శిక్షణ పొందిన ఆఫీసరు, సాధారణంగా సెకండ్ ఆఫీసరు, వుంటారు. అంతకు మించిన జబ్బయితే ఒడ్డునున్న డాక్టరును అడగాలి.

ఈ రేడియోలో మాట్లాడుతూ ఒక ముచ్చట చెప్పకుండా వుండలేను. సముద్రం మీది రోగులకు రేడియో ద్వారా ఉచితంగా వైద్యసలహా ఇవ్వడానికి 1935లో ఇటలీ దేశంలోని రోము నగరంలో ఒక సంస్థ పెట్టారు. దాని మొదటి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? వైర్‌లెస్సు కనిపెట్టిన మార్కోనీగారే. గాలిలో వెళ్ళే మాటతో ప్రాణం నిలబెట్టవచ్చని ఆయన కాలంలోనే గుర్తించారు. అయితే ఆ డాక్టరు రోగి చెయ్యి పట్టుకుని నాడి చూడలేడు, నాలుక చూడలేడు. ఆయనకు అందేది మాట ఒక్కటే. "ఏదో తెల్ల బిళ్ళ" అనే మాటతో ఆయన ఏం వైద్యం చేస్తాడు చెప్పండి? అందుకే పేరు లేని బిళ్ళ సముద్రం మీద మందు కాదు.

ఇప్పుడు ఒక్కొక్క రకమే చూద్దాం.

జలుబు, దగ్గు మందులు. వీటిలో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్ వంటి మందు వుంటుంది. ముక్కు కారడం తగ్గిస్తుంది, దానితోపాటు నిద్ర తెస్తుంది. ఇంట్లో మనం వేసుకుని ముసుగు తన్ని పడుకుంటే ఫరవాలేదు. ఓడలో నాలుగు గంటల కాపలా డ్యూటీ అర్ధరాత్రి కూడా వస్తుంది. తిరిగే యంత్రాల పక్కన, తడిసిన ఇనుప మెట్ల మీద, తాళ్ళు లాగే చోట కునికితే ఏమవుతుందో ఊహించుకోండి. ముక్కు దిబ్బడ వదిలించడానికి అదే బిళ్ళలో కలిపే మరో మందు రక్తపు పోటును పెంచుతుంది. బి.పి. వున్నవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదు.

వాంతి బిళ్ళలు. ఓడకో, బోటుకో కొత్తగా వెళ్ళేవాళ్ళకు కడుపులో తిప్పడం మామూలే. ఈ బిళ్ళ బయలుదేరడానికి గంట, రెండు గంటల ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక వేసుకుంటే బిళ్ళ కూడా బయటికి వచ్చేస్తుంది. ఇది కూడా మత్తునిచ్చేదే. దీనిమీద జలుబు బిళ్ళ కూడా వేస్తే మత్తు రెండింతలవుతుంది. మద్యం తోడయితే ఇక చెప్పనక్కరలేదు.

నొప్పుల బిళ్ళలు. ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ జాతివి. ఇవి ఖాళీ కడుపుతో వేసుకుంటే కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు. ఇంతకన్నా మనకు తెలియనిది ఇంకొకటుంది. ఓడ ఇంజను రూములో వేడి నలభై డిగ్రీలు దాటుతుంది. చెమట ధారలుగా కారిపోతుంది. ఒంట్లో నీరు తగ్గిన మనిషి ఈ బిళ్ళలు వరసగా వేసుకుంటే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎండలో వల లాగే మన బోటు మనుషులకూ ఇదే ప్రమాదం. వల లాగిన చేతులకు, నడుముకు నొప్పి రాకుండా ఎలా వుంటుంది? సాయంత్రం కాగానే ఒక బిళ్ళ వేసుకుని పడుకోవడం కొందరికి అలవాటయిపోతుంది. "ఆయనకు రోజూ ఒక బిళ్ళ పడాల్సిందేనమ్మా" అని గిలకలదిండి నుంచి చేపలు తెచ్చే ఆవిడ నాతో ఒకసారి మామూలు మాటగా అంది. అలా రోజూ పడాల్సి వస్తే అది బిళ్ళతో తీరే నొప్పి కాదు. బోటు ఒడ్డుకు రాగానే డాక్టరుకు చూపించమని చెప్పాను. మీరూ చెప్పండి.

చెమటకు మంచినీళ్ళు, ఓ.ఆర్.ఎస్. పొడి. పెద్ద పొట్లమయితే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒకేసారి కలపాలి. కాస్త కాస్త గ్లాసులో వేసుకుంటే పాళ్ళు తప్పుతాయి. తియ్యటి పానీయాల డబ్బాల మీద ఓ.ఆర్.ఎస్. అని రాసి వుంటే నమ్మవద్దని హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజనీ సంతోష్‌గారు ఏళ్ళ తరబడి పోరాడారు. సరయిన పాళ్ళు లేని పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆహార ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. కనుక మందుల కొట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన పొడి అని రాసి వున్న పొట్లాన్నే అడగండి.

ఇక బలం మందులు. విటమిన్ల కథ మొదలయిందే నావికులతో సుమండీ! 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు చిగుళ్ళు వాచి రక్తం కారే జబ్బుతో వున్న పన్నెండుమందిని ఇద్దరిద్దరు చొప్పున విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క చికిత్స చేసి చూశాడు. నారింజలు, నిమ్మజాతి పళ్ళు తిన్న ఇద్దరే త్వరగా లేచి తిరిగారు. అయినా ఇంగ్లీషు నౌకాదళం నిమ్మరసం అందరికీ ఇవ్వాలనుకోవడానికి 1795 దాకా పట్టింది. ఆనాటి నావికుడికి ఎక్కువగా ఎండు రొట్టె, ఉప్పు మాంసమే వుండేవి. ఈనాటి ఓడలో వంటవాడున్నాడు, కూరలు, పళ్ళు నిలవుండే చల్లటి గది వుంది. అన్నం, పప్పు, కూర, పండు తినేవాడికి రంగురంగుల సీసాలు నాలుగు అక్కరలేదు.

ఎక్కువయితే ఏమవుతుందిలే, బలమే గదా అనుకుంటాం. సి విటమినయితే ఎక్కువైంది మూత్రంలో చాలావరకు పోతుంది. ఏ, డి విటమిన్లు అలా పోవు, ఒంట్లోనే పేరుకుంటాయి. డి విటమిను పొడి పొట్లం 60,000 యూనిట్లది డాక్టర్లు సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, కొద్ది వారాలకని రాస్తారు. ఎండ మొహం చూడని ఇంజను రూము మనిషి కదా అని మనం డజను పొట్లాలు పంపిస్తే, అతడు రోజుకొకటి పాలలో కలుపుకున్నాడనుకోండి, రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, దాహం, చివరికి మూత్రపిండాల జబ్బు దాకా పోవచ్చు. "వారానికి ఒకటి" అన్న మాట పొట్లం మీద పెద్ద అక్షరాలతో రాయడం మన పని.

కాల్షియం, ఐరన్ బిళ్ళల గురించి మరో మాట. పడమటి ఆఫ్రికా రేవులకు వెళ్ళే ఓడల్లో మలేరియా రాకుండా మందు ఇస్తారు. కొందరికి డాక్సీసైక్లిన్ అనే మందు ఇస్తారు. దానితోపాటే కాల్షియమో, ఐరనో, కడుపు మంటకు వాడే యాంటాసిడ్డో వేసుకుంటే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. రెండింటికీ మధ్య రెండు మూడు గంటలు ఎడం వుండాలి. మనం ప్రేమతో పంపిన బలం బిళ్ళ మలేరియా మందుకు అడ్డుపడుతుందని ఎవరనుకుంటారు?

పేరూ వూరూ లేని కీళ్ళనొప్పుల పొడులు, కండలు పెంచే పొడులు అసలు పంపవద్దు. నొప్పుల పొడుల్లో స్టెరాయిడ్లు కలిపినట్టు పరీక్షల్లో బయటపడ్డ సందర్భాలున్నాయి. కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం దొరికాయి. లేహ్యమయినా, చూర్ణమయినా కంపెనీ పేరు, లైసెన్సు నంబరు, తేదీ వున్నదే వాడాలి. అది కూడా ఓడలో చెప్పే వాడాలి.

ఇప్పుడు నేను చెప్పబోయేది విని మీరు ఆశ్చర్యపోతారు. మనం కుర్మాలోనూ, కోడికూరలోనూ నూరి పోసే గసగసాలున్నాయే, అవి సింగపూరులో నిషేధం. దుబాయి వున్న అరబ్ ఎమిరేట్సులోనూ నిషేధమే. గసగసాలు నల్లమందు మొక్క గింజలు కనుక వాళ్ళ చట్టం వాటిని మత్తుపదార్థాల కోవలో చూస్తుంది. కుర్రవాడి పెట్టెలో అమ్మ పెట్టిన మసాలా పొడి వల్ల వాడు పోలీసుల ముందు నిలబడాల్సి రావచ్చు. కోడీన్ కలిసిన దగ్గు మందు, ట్రమడాల్ అనే నొప్పి మందు కూడా అలాంటివే. ట్రమడాల్‌ను మన దేశంలోనే 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. ఓడల్లో మూత్రపరీక్షలు కూడా చేస్తుంటారు. కోడీన్ దగ్గు మందు తాగినవాడి పరీక్షలో నల్లమందు జాతి గుర్తు బయటపడుతుంది. అమ్మ ఇచ్చిన దగ్గు మందండీ అంటే వినేవాళ్ళెవరు? ఉద్యోగం మీదికి వస్తుంది.

అయితే మందులే పంపవద్దంటావా అని మీరడగవచ్చు. అలా అనను. ఓడలో మందుల పెట్టె వుంది, వైద్యం ఖర్చు నావికుడి మీద పడకూడదని ఆ ఒడంబడికే చెబుతోంది, రేవులో డాక్టరు దగ్గరికి వెళ్ళే హక్కూ వుంది. కనుక మన పొట్లం చిన్నదిగా వుంటే చాలు. బి.పి.కో, షుగరుకో డాక్టరు రాసిన మందులు మాత్రం ప్రయాణం ఎన్నాళ్ళో అన్నాళ్ళకూ, పై మరో నెలకూ సరిపడా వుండాలి. వాటికి డాక్టరు చీటీ జత చేయాలి. చీటీలో కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరు రాయించండి. కంపెనీ పేర్లు దేశానికొక రకం, అసలు పేరు చాలాచోట్ల ఒకటే. అట్ట మీద నిలువునా ఎర్ర గీత వున్న మందులు డాక్టరు చెప్పనిదే పెట్టెలో పెట్టవద్దు. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్కు సగం అట్ట అసలే వద్దు.

బోట్ల మీద వెళ్ళేవాళ్ళకు ఓడలో వున్నట్టు మందుల పెట్టె, ఆఫీసరు వుండకపోవచ్చు. వారం పది రోజులు నీటి మీద వుండే బోటుకు మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి చాలు. పారాసిటమాల్ అట్ట, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, గాయాలు కడిగే మందు, దూది, కట్టుగుడ్డ అందులో పెట్టి, ఏది దేనికో తెలుగులో రాసిన కాగితం పైన అంటించండి. ఛాతీలో నొప్పి, ఎంతకీ తగ్గని వాంతులు, రక్తపు విరేచనాలు, మూడు రోజులు దాటిన జ్వరం - ఇవి డబ్బాతో తీరేవి కావు, బోటును ఒడ్డుకు తిప్పాల్సినవి. ఆ మాట కూడా ఆ కాగితం మీదే రాయండి.

మా అక్క కొడుకు మొన్న మళ్ళీ ఓడ ఎక్కాడు. ఈసారి అక్కకు చూపు బాగుంది. అయినా పొట్లం నేనే కడతానన్నాను. అట్టలు కత్తిరించలేదు. ఒక తెల్ల కాగితం మీద మందు పేరు, అందులో ఏమేం కలిసి వున్నాయి, ఒక్కొక్కటి ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్ని దాటకూడదు, నిద్ర వస్తుందా రాదా, ఎప్పటికి చెడిపోతుంది, ఇవన్నీ గళ్ళు గీసి రాశాను. ఇంగ్లీషు అక్షరాలతో కూడా రాయించాను, ఓడలో మనవాళ్ళే వుండరు గదా. దానికి మూడు నకళ్ళు తీయించాం. ఒకటి వాడి దగ్గర, ఒకటి ఓడ ఎక్కగానే మందులు చూసే ఆఫీసరుగారి చేతికి, మూడోది మా ఫోను పక్కన గోడకు. "ఏ బిళ్ళ వేసుకున్నా ముందు ఆఫీసరుగారికి చెప్పి వేసుకోరా నాన్నా" అన్నాను. "సరే పిన్నీ" అన్నాడు. మసాలా పొడి సీసా నేనే తీసి లోపల పెట్టేశాను, గసగసాలు వేసి నూరానని అక్క చెప్పాక.

మీ ఇంట్లో ఎవరయినా ఓడకో, బోటుకో బయలుదేరుతుంటే ఒక సాయంత్రం కూర్చుని ఆ కాగితం రాయండి. మందుల సొరుగులో పేరు చిరిగిపోయిన అట్టలు ఎన్నున్నాయో కూడా అప్పుడే చూడండి. మా సొరుగులో పదకొండు దొరికాయి.